499 రూపాయలు, 499 పైసలు: మాకిటోతో ఎనిమిదేళ్లు

విద్యార్థుల ఫీజులు ఆన్‌లైన్‌లో కట్టించుకునే వెబ్ అప్లికేషన్ మాది. జావా భాషలో, స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. 2017లో నేను చేరేనాటికే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులన్నీ, అసలు వాటి బదులు నకిలీ ఆబ్జెక్టులు (మాక్‌లు) తయారుచేసే మాకిటో అనే లైబ్రరీతో రాసి ఉన్నాయి. అప్పటినుంచి దాదాపు ప్రతి పనిరోజూ దాన్ని వాడుతూనే ఉన్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. సినిమాలో హీరో బదులు డూప్ దూకినట్టు, టెస్టులో అసలు పేమెంట్ గేట్‌వే (డబ్బు తీసుకునే బయటి సర్వీసు) బదులు మాక్ ఆబ్జెక్టు నిలబడుతుంది. ‘ఇలా పిలిస్తే ఇది తిరిగివ్వు’ అని దానికి ముందే చెప్పిపెడతాం. పనంతా అయ్యాక ‘నిన్ను ఎన్నిసార్లు పిలిచారు, ఏ విలువలతో పిలిచారు’ అని అడుగుతాం.

దీని అసలు సత్తా నాకు తెలిసింది టైమౌట్ల దగ్గర. గేట్‌వే డబ్బు తీసేసుకుంది, జవాబు మనకు చేరేలోపే కనెక్షన్ తెగిపోయింది అనుకోండి. అప్పుడు మన కోడ్ ఏం చేస్తుంది? అసలు గేట్‌వేతో ఈ పరిస్థితిని కావాలన్నప్పుడల్లా తెప్పించలేం. మాక్‌తో అయితే ఒక్క లైను: పిలవగానే ఎక్సెప్షన్ (లోపం జరిగిందనే సంకేతం) విసురు. ఆ తర్వాత మన కోడ్ స్టేటస్ కనుక్కునే మెథడ్‌ను (ఒక పని చేసే కోడ్ ముక్క) ఒక్కసారి పిలిచిందా, డబ్బు తీసే చార్జ్ మెథడ్ జోలికి మళ్లీ వెళ్లలేదు కదా అని మాకిటోలోని వెరిఫైతో చూసుకుంటాం. ఒకే ఫీజు రెండుసార్లు కట్ అయితే తల్లిదండ్రుల ఫోన్లు ఎలా ఉంటాయో విన్నవాళ్లకు ఈ టెస్టు విలువ తెలుస్తుంది.

వచ్చిన రిక్వెస్టులను అందుకునే కంట్రోలర్ల దగ్గరా సుఖమే. మాక్ ఎంవీసీ అనే టెస్టు సాధనంతో సర్వర్ లేకుండానే రిక్వెస్టు పంపి, వెనక సర్వీసును మాక్ చేస్తే, తప్పు ఫోన్ నంబరుకు 400 (తప్పు రిక్వెస్టు), లేని రసీదుకు 404 (దొరకలేదు) అనే జవాబు కోడ్‌లు వస్తున్నాయో లేదో చిటికెలో తేలిపోతుంది. (పేరులో మాక్ ఉన్నా మాక్ ఎంవీసీ స్ప్రింగ్‌ది, మాకిటోది కాదు. ఇంటర్వ్యూల్లో దీని దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ.)

ఇక దెబ్బ తిన్న కథ. దరఖాస్తు రుసుము 499 రూపాయలు. గేట్‌వేను 499తో పిలవాలని టెస్టులో నేనే రాశాను, కోడ్‌లోనూ 499 పంపాను. టెస్టులన్నీ ఆకుపచ్చ. కానీ గేట్‌వేకు మొత్తం పైసల్లో ఇవ్వాలట, అంటే 49900. విడుదలైన రోజు పొద్దున అకౌంట్స్ మేడమ్ వచ్చి, ‘ఏంటండీ, అందరూ నాలుగు రూపాయల తొంభైతొమ్మిది పైసలే కడుతున్నారు’ అంది. డూప్‌కు డైలాగు రాసింది నేనే, బాగా చెప్పాడని చప్పట్లు కొట్టిందీ నేనే. అవతలివాళ్ల గురించి నేను అనుకున్నదాన్నే మాక్ నాకు తిరిగి వినిపించింది. అవతల నిజంగా ఏముందో దానికేం తెలుసు? ఇప్పుడు గేట్‌వేతో మాట్లాడే మా క్లయింట్ క్లాసును మాకిటోతో కాకుండా, నకిలీ సర్వర్‌గా నిలబడే వైర్‌మాక్‌తో పరీక్షిస్తున్నాం. గేట్‌వే డాక్యుమెంటేషన్‌లోని నమూనా జవాబులనే అందులో పెట్టి, బయటికెళ్లే రిక్వెస్టును అక్షరం అక్షరం పోలుస్తాం. గేట్‌వేవాళ్ల సాండ్‌బాక్స్‌కు (ప్రయోగాల కోసం ఉంచిన నకలు) రాత్రికోసారి నిజమైన కాల్ కూడా వెళ్తుంది.

డేటాబేస్‌తో మాట్లాడే రిపాజిటరీలను మాక్ చేయడం కూడా మానేశాం. డేటాబేస్‌ను అడిగే క్వెరీ తప్పైతే మాక్ ఎలాగూ చెప్పదు. టెస్ట్‌కంటైనర్స్ అనే లైబ్రరీతో నిజమైన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను లేపుకుంటే కాస్త ఆలస్యమవుతుంది, కానీ దాక్కున్న తప్పులనే దొంగలు దొరుకుతారు. పాత టెస్టుల్లో ఇంకో జబ్బు, ప్రతి కాల్‌నూ వెరిఫై చేయడం. ఒక మెథడ్‌ను రెండుగా విడగొడితే చాలు, ప్రవర్తన ఏమీ మారకపోయినా పడిపోయిన టెస్టుల ఎర్రగీతల వరస.

అప్‌గ్రేడ్లు అంత సాఫీగా సాగలేదు. స్ప్రింగ్ బూట్ 2తో మాకిటో 2 వచ్చినప్పుడు ‘ఏ అక్షరాల విలువైనా సరే’ అని చెప్పే ఎనీస్ట్రింగ్, నల్‌ను (విలువే లేకపోవడాన్ని) ఒప్పుకోవడం మానేసింది, మా టెస్టులు గుంపుగా పడిపోయాయి. తిట్టుకున్నాం గానీ వాటిలో కొన్ని పడాల్సినవే, నల్ వెళ్లకూడని చోటికి వెళ్తోంది. వాడని స్టబ్బింగ్ (మాక్‌కు ముందే చెప్పిపెట్టిన జవాబు) ఉందంటూ వచ్చే ఎక్సెప్షన్ మీద మొదట్లో చిరాకుపడేవాణ్ని, ఇప్పుడు దాన్ని లీనియెంట్ అనే సడలింపుతో నోరుమూయించే కోడ్ రివ్యూకొస్తే వెనక్కి పంపుతున్నాను. స్టాటిక్ మెథడ్ల (ఆబ్జెక్టు లేకుండానే పిలిచేవాటి) కోసం పవర్‌మాక్ అనే మరో లైబ్రరీ పెట్టుకుని పడ్డ పాట్లు 2020లో మాకిటో 3.4తో తీరాయి. మాక్ చేయడానికి లొంగని ఫైనల్ క్లాసుల బాధ మాకిటో 5వ వెర్షన్‌తో అదనపు సెట్టింగ్ లేకుండానే పోయింది.

స్ప్రింగ్ నడిపే ఆబ్జెక్టు (బీన్) స్థానంలో మాక్‌ను పెట్టే మాక్‌బీన్‌తో మాత్రం జాగ్రత్త. టెస్టు క్లాసుకో రకంగా బీన్లను మాక్ చేస్తే స్ప్రింగ్ కాంటెక్స్ట్ (ఆ బీన్లన్నీ కలిసి ఉండే చోటు) ప్రతిసారీ కొత్తగా లేస్తుంది, బిల్డ్ నత్తనడక నడుస్తుంది. మేం ఆ మాక్‌లన్నీ ఒకే బేస్ క్లాసులోకి చేర్చాక ఊపిరి పీల్చుకున్నాం. స్ప్రింగ్ బూట్ 3.4 నుంచి మాక్‌బీన్ స్థానంలో మాకిటోబీన్ వాడమంటున్నారు. మేం సగం మార్చాం.

జావా 21కి వెళ్లాక టెస్టులు మొదలవగానే, ఏజెంటును (ప్రోగ్రామ్ కోడ్‌ను మార్చగల సాధనం) ప్రోగ్రామ్ నడుస్తుండగా లోడ్ చేస్తున్నారంటూ ఒక హెచ్చరిక కనిపిస్తోంది. బిల్డ్ ఫైల్లో మాకిటోను ముందే ఏజెంటుగా చూపిస్తే పోతుంది. రెండు స్ప్రింట్లుగా (పనిని పంచుకునే విడతలు) వాయిదా పడుతోంది, ఈ వారం నా వంతు.