ఇంటిల్లిపాది పాస్‌పోర్టులకు ఒకే సంచి: ఏళ్ల తరబడి వాడాక

ఈ సంచిని కరోనాకు ముందు ఆన్‌లైన్‌లో కొన్నాను. అప్పట్లో వెయ్యి రూపాయల లోపే. మందపాటి నల్లటి నైలాన్ గుడ్డ, మూడు వైపులా జిప్పు, తెరిస్తే పుస్తకంలా రెండు పక్కలకు విచ్చుకుంటుంది. లోపల పాస్‌పోర్టులకు ఆరు అరలు, బోర్డింగ్ పాసులకు పొడవాటి అర, కార్డులకు చిన్న అరలు, పెన్ను గుచ్చుకోవడానికి ఒక లూపు, చేతికి తగిలించుకునే పట్టీ. కొన్నది నేనే, మోసేదీ నేనే. మాది అమలాపురం పక్క పల్లె. మా వారు ఖతర్ దేశంలోని దోహాలో ఉద్యోగం చేస్తారు. పిల్లల సెలవుల్లో మేం అక్కడికి వెళ్లడం, ఆయన వీలు చూసుకుని ఇక్కడికి రావడం మాకు మామూలే. అత్తయ్యగారితో కలిపి ఇంట్లో ఐదుగురం, ఐదు పాస్‌పోర్టులు. మా వీధిలో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. ప్రయాణం పెట్టుకున్నవాళ్లు “ఆ సంచి ఒకసారి ఇస్తావా” అని అడిగి పట్టుకెళ్తారు. కాబట్టి ఇది నా ఒక్కదాని చేతిలోనే నలగలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విమానాశ్రయంలో దీనికి వంక పెట్టడానికి లేదు. విమానాశ్రయం బయట మాత్రం, మరీ ముఖ్యంగా మన ఇంట్లో, దీన్ని నమ్ముకోకూడదు. కొనేవాళ్లంతా దొంగల గురించే ఆలోచిస్తారు. మా గోదావరి జిల్లాల్లో పాస్‌పోర్టుకు దొంగ కంటే పెద్ద శత్రువు చెమ్మ.

మొదట మంచి సంగతులు. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు. రాత్రి బస్సెక్కి రావులపాలెం మీదుగా హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి శంషాబాద్ వెళ్లాలి. నిద్ర లేని కళ్లతో, ఇద్దరు పిల్లలతో, మోకాళ్ల నొప్పుల పెద్దావిడతో ద్వారం దగ్గరికి వెళ్లగానే టికెట్టు, గుర్తింపు కార్డు అంటారు. తర్వాత విమాన సంస్థ కౌంటరు, ఆ తర్వాత ఇమిగ్రేషన్, చివరికి విమానం ఎక్కే గేటు. అడిగిన ప్రతి చోటా అన్ని పుస్తకాలూ తీయాలి, మళ్లీ పెట్టాలి. మన సాధారణ పాస్‌పోర్టులన్నీ ఒకే ముదురు నీలం, ఒకే కొలత: 125 మిల్లీమీటర్ల పొడవు, 88 మిల్లీమీటర్ల వెడల్పు. చేతిలో కట్టగా పట్టుకుంటే ఎవరిది ఏదో తెలియదు. చంటిదాని వంతు వచ్చినప్పుడు అత్తయ్యగారి ఫోటో తెరుచుకుంటుంది. ఈ సంచిలో ఎవరి అర వారిదే. ప్రతి అర అంచున చిన్న గుడ్డముక్క కుట్టి, దాని మీద పేరులోని మొదటి అక్షరం చెరగని సిరాతో రాశాను. కొందరు గుర్తు కోసం పాస్‌పోర్టు అట్ట మీదే స్టిక్కర్లు అంటిస్తారు. ఆ పని చేయకండి, గుర్తులన్నీ అరల మీదే ఉండాలి.

అరలు కొంచెం బిగుతుగా ఉంటాయి. కొత్తలో విసుగనిపించింది. తర్వాత అదే మేలైంది. సంచి తెరిచి ఉండగా చంటిది లాగి తలకిందులు చేసినా ఒక్క పుస్తకం కూడా జారిపడలేదు. ఇంకో సుఖం, పుస్తకాలకు విడిగా తొడుగులు అక్కర్లేదు. తొడుగులేస్తే ఇమిగ్రేషన్ కౌంటర్లో “కవరు తీసి ఇవ్వండి” అంటారు. ఐదు తొడుగులు విప్పేలోగా వెనక వరుసలో ఉన్నవాళ్ల నిట్టూర్పులు మన వీపుకు తగులుతుంటాయి.

ఆరో అర మాకు వృథా కాలేదు. మా వారి పాత పాస్‌పోర్టు గడువు తీరిపోయింది గానీ అందులో అమెరికా వీసా ఇంకా చెల్లుతుంది. వీసా గడువు ఉన్నంతకాలం పాత పుస్తకాన్నీ కొత్తదాన్నీ కలిపి చూపించవచ్చు. కనుక ఎన్ని అరలు కావాలో ఇంట్లో మనుషుల్ని కాదు, పుస్తకాలను లెక్కపెట్టి చూసుకోండి. పెన్ను లూపు సంగతి వేరు. మన పౌరులు విమానంలో విదేశాలకు వెళ్లేటప్పుడు నింపాల్సిన బయలుదేరే కార్డును 2017 జూలై 1 నుంచి ఎత్తేశారు. ఇప్పుడా లూపులో చంటిదాని రంగు పెన్సిలు ఉంటోంది.

కార్డుల అరలో నేనొక చీటీ పెట్టాను. దాని మీద ఐదుగురి పాస్‌పోర్టుల గడువు తేదీలు వరుసగా రాసి ఉంటాయి. పెద్దవాళ్ల పుస్తకం పదేళ్లు, పిల్లలది ఐదేళ్లే. ఒకే ఇంట్లో ఏ రెండు తేదీలూ కలవవు. పైగా గల్ఫ్ దేశాలతో సహా చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉంటే గానీ రానివ్వవు. అంటే పుస్తకం మీద అచ్చువేసిన తేదీకి ఆరు నెలల ముందే అది మనకు అక్కరకు రాకుండా పోతుంది. పెద్దమ్మాయి పుస్తకం మార్పించాల్సిన సంగతి ఆ చీటీ చూసే గుర్తుకొచ్చింది. భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి తీరిగ్గా వెళ్లి పని ముగించుకుని వచ్చాం.

ఇక ఈ సంచి పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో అచ్చేసిన గొప్ప: దీని లోపలి పొర రేడియో తరంగాలను ఆపుతుందట, జేబులో ఉన్న పాస్‌పోర్టు వివరాలను దొంగలు గాలిలోంచి లాగేయకుండా కాపాడుతుందట. మేం కొన్న నాటికి మా ఐదు పుస్తకాల్లో ఒక్కదానిలోనూ ఆ తరంగాలతో చదవగలిగే చిప్పు లేదు. లేని చిప్పుకు కాపలా! చిప్పున్న ఈ-పాస్‌పోర్టులు మన దేశంలో ప్రయోగాత్మకంగా మొదలైందే 2024లో. పెద్దమ్మాయికి కొత్తగా వచ్చింది అదే. ముందు అట్ట మీద కింది భాగాన చిన్న బంగారు రంగు గుర్తు ఉంటుంది, దాన్ని చూసి పోల్చుకోవచ్చు. అయినా ఆ చిప్పు అడిగిన వాడికల్లా నోరు విప్పదు. ఫోటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల్లో ఉండే అక్షరాలను యంత్రం చదివి, అందులోని పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీల నుంచి తాళంచెవి తయారు చేసుకుంటేనే అది తెరుచుకుంటుంది. మూసి ఉన్న పుస్తకంలోంచి దారిన పోయేవాడు లాగేసుకోవడం అంత సులువు కాదు. ఈ పొర కోసమే రెండు మూడు వందలు ఎక్కువ పెట్టాల్సి వస్తే పెట్టకండి. చిప్పున్న పుస్తకాన్ని వంచకుండా, దాని మీద బరువు పడకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. ఆ విషయంలో ఈ సంచి అట్ట గట్టిగానే ఉంది.

చెమ్మ సంగతికి వస్తాను. చుట్టూ కొబ్బరి తోటలు, పక్కనే పంట కాలువ, కాస్త దూరంలో సముద్రం. ఆషాఢం వచ్చిందంటే మా ఇంట్లో బీరువాలోని పట్టుచీరలకు కూడా ముక్కవాసన పడుతుంది. అలాంటి బీరువాలో ఈ సంచిని జిప్పు వేసి మూడు నెలలు ఉంచితే ఏమవుతుందో నేను చూశాను. కార్డుల అరలకు ముందువైపు పారదర్శకమైన ప్లాస్టిక్ వేశారు, రెండు పాస్‌పోర్టు అరలకూ అదే. వానాకాలం అయ్యాక అత్తయ్యగారి పుస్తకాన్ని తీయబోతే రాలేదు. ప్లాస్టిక్ మెత్తబడి అట్టకు అతుక్కుంది. వేళ్లతో అంచు పట్టుకుని మెల్లగా ఊడదీస్తే చిరుగుతున్నట్టు చప్పుడు వచ్చింది. చూస్తే మూడు సింహాల్లో ఒకటి సగం మాయమైంది, ఆ బంగారు రంగు ప్లాస్టిక్ మీద అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి అచ్చుపడింది. అదృష్టం బాగుండి లోపలి పేజీలకు ఏమీ కాలేదు. లోపల ఫోటో ఉన్న పేజీ మీది పలుచని పొర అంచు లేచినా, అక్షరాలు చెదిరినా పాస్‌పోర్టు పాడైన లెక్కలోకి పోతుంది. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలైతే, పోయిందనో పాడైందనో మళ్లీ తీసుకోవాలంటే 3,000. పారేసుకున్నవాడికీ, బీరువాలో భద్రంగా దాచి బూజు పట్టించినవాడికీ ఒకే రేటు!

ఆ రెండు అరల ప్లాస్టిక్‌ను బ్లేడుతో కోసేయించి, వాటికి పాత కాటన్ పంచె ముక్కలు వేయించాను. ఇప్పుడు సంచి అందం కొంచెం తగ్గింది, అతుక్కోవడం పూర్తిగా పోయింది. బజారులో కొత్తది కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే: పాస్‌పోర్టుకు తగిలే చోట మెరిసే ప్లాస్టిక్ ఉంటే వద్దని చెప్పేయండి. ప్రయాణం లేని నెలల్లో పాస్‌పోర్టులను ఈ సంచిలో ఉంచడం కూడా మానేశాను. ఒక్కొక్కదాన్ని శుభ్రమైన తెల్ల కాగితంలో చుట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. బూట్ల పెట్టెల్లో వచ్చే పొట్లాలు అప్పటికే పీల్చాల్సింది పీల్చేసి ఉంటాయి, కొత్తవి కొనుక్కోవడమే మంచిది. కలరా ఉండలు వేయమని సలహా ఇచ్చేవాళ్లు మా ఊళ్లో చాలామంది. పురుగుకు పనిచేస్తాయేమో గానీ చెమ్మను అవి ఏమీ చేయవు, పైగా ఆ వాసన ఏళ్లు గడిచినా పోదు. వానలు వెనకబట్టాక ఒక మంచి ఎండ రోజు చూసి, నీడ పట్టున, గాలి తగిలేలా పుస్తకాలను విప్పి పెడతాను. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది.

ఈ సంచికి నీళ్లను ఆపే శక్తి ఉందని కూడా పెట్టె మీద రాశారు. తుంపరలైతే ఆపుతుంది. ముక్తేశ్వరం రేవులో పంటెక్కి, అంటే నది దాటించే పెద్ద పడవెక్కి, కోటిపల్లి వైపు దాటుతుంటే పడ్డ జల్లుకు పైగుడ్డ తడిసింది గానీ లోపలికి దిగలేదు. అసలు నీళ్ల దగ్గర మాత్రం దాని పస తెలిసిపోయింది. 2022 జూలైలో గోదావరికి వరదలొచ్చినప్పుడు నేనూ పిల్లలూ ఏటి మధ్య లంకలో ఉన్న మా పుట్టింట్లో ఉన్నాం. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకు ఎగురవేస్తారు, ఆ ఏడు ప్రవాహం 25 లక్షలు దాటింది. వాకిట్లోకి నీళ్లొచ్చాక నాటు పడవలో బయటికి వచ్చాం. సంచిని అప్పడాల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ సైకిలు ట్యూబు ముక్క బిగించారు మా నాన్నగారు. దారిలో పడవ అడుగున నిలిచిన నీళ్లలో ఆ డబ్బా సగం మునిగింది, పాస్‌పోర్టులకు చుక్క తగల్లేదు. సంచి ఒక్కటే ఉంటే జిప్పు పళ్ల సందుల్లోంచి నీళ్లు చేరేవే.

ఒంటి మీద మోసుకునే పద్ధతుల గురించి మా ఇంట్లో తగువు తీరలేదు. మా వారికి మెడలో వేసుకునే పలుచని సంచి ఇష్టం. చొక్కా లోపల ఉంటే ఎవరికీ కనిపించదని ఆయన వాదన. దోహా వేసవిలో గంటసేపు బయట తిరిగి వచ్చాక ఆ సంచిలోంచి తీసిన పుస్తకం అట్ట చెమటకు ఉబ్బి అరటాకులా వంగింది. అత్తయ్యగారిది ఇంకో దారి. “అమ్మాయ్, నాది నా దగ్గరే ఉండనీ” అంటూ పాస్‌పోర్టును పాలిథిన్ కవరులో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, రొంటిన దోపుకుంటారు. దుకాణాల్లో నడుముకు కట్టుకునే బెల్టు సంచి అని అమ్మేది ఇదే కదా అంటే ఆవిడ నవ్వుతారు. రాత్రి బస్సులో నిద్రపోయేటప్పుడు ఆవిడ పద్ధతే నయం. నా సంచి చేతి పట్టీ మణికట్టుకే ఉన్నా, దాబా దగ్గర బస్సు ఆగిన ప్రతిసారీ తడిమి చూసుకుంటాను.

వెళ్లిన ఊరు చేరాక ఐదు పుస్తకాలనూ ఒకే సంచిలో వేసుకుని బజార్లు తిరగడానికి నేను ఒప్పుకోను. దీని గుణమే అక్కడ దోషమవుతుంది. పోతే ఒకేసారి ఇంటిల్లిపాదివీ పోతాయి. పరాయి దేశంలో పోగొట్టుకుంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, మన రాయబార కార్యాలయానికి వెళ్లి, కొత్త పుస్తకమో, ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే చెల్లే అత్యవసర పత్రమో తీసుకోవాలి. ఒకరికైతే ఎలాగో పడవచ్చు, ఐదుగురికీ అంటే ఊహించుకోండి. అందుకే గదిలో తాళం వేసిన అలమరాలో పెడతాం, బయటికి వెళ్లేటప్పుడు మొదటి, చివరి పేజీల నకళ్లు పట్టుకెళ్తాం. ఆ నకళ్లు సంచిలో ఉంచకూడదు. సంచితో పాటు పోయే నకలు ఎందుకు? మావి నా పెట్టెలో ఒక జత, పుట్టింట్లో ఒక జత ఉంటాయి, ఫోటోలు ఈమెయిల్లో ఉంటాయి.

పాస్‌పోర్టుకు ఎంత మంచి సంచి కొన్నా, ఆ పుస్తకాన్ని అక్కడ ఉద్యోగమిచ్చిన యజమాని చేతిలో పెట్టేస్తే ఏం లాభం? మా వైపు నుంచి వెళ్లిన కుర్రాళ్లను అడిగితే “పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది” అని, అంటే ఆ యజమాని దగ్గరుందని, మామూలుగా చెప్పేస్తారు. అది మామూలు కాదు. ఖతర్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం, కార్మికుడు తానుగా రాసి కోరితే తప్ప, నివాస అనుమతి పని పూర్తయ్యాక యజమాని పాస్‌పోర్టును తిరిగి ఇచ్చేయాలి. మన చట్టం చూసినా ఆ పుస్తకం భారత ప్రభుత్వ ఆస్తి. మా వారి పుస్తకం మొదటి నుంచీ ఆయన దగ్గరే ఉంది. అడిగి తీసుకున్నారు.

వాడకంలో ఇంకా చెప్పాల్సిన లోపం జిప్పు. మూలలు తిరిగే చోట గుడ్డ పీచులేచి పళ్లలో ఇరుక్కుంటుంది. ఒకసారి రన్నరు ఊడి చేతిలోకి వచ్చింది. అమలాపురంలో బ్యాగులు బాగుచేసే ఆయన ఇత్తడి రన్నరు వేసి, మూలల్లో లేచిన పీచును కొవ్వొత్తి సెగ చూపించి అంటించారు. ముప్పై రూపాయలు తీసుకున్నారు, అప్పటి నుంచి ఇరుక్కోవడం లేదు. కంపెనీవాళ్లు పెట్టిన రన్నరు కంటే ఇదే గట్టిది.

ఇద్దరే ఉండే కుటుంబానికి ఇంత సంచి అక్కర్లేదు, చేతిసంచిలో సగం చోటు తినేస్తుంది. నలుగురూ అంతకన్నా ఎక్కువ మందీ కలిసి తిరిగేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. నాది పూర్తిగా చిరిగాక మళ్లీ ఇలాంటిదే కొంటాను. ఈసారి లోపలి గుడ్డ లేత రంగులో ఉన్నది చూస్తాను. నల్లటి అరలో ముదురు నీలం పుస్తకం తెల్లవారుజామున బస్సు లైటుకు కనిపించి చావదు.