టీవీ కరెంటు లెక్కకు ప్లగ్ మీటర్: చాన్నాళ్లు వాడాక

సాకెట్‌కీ టీవీ ప్లగ్గుకీ మధ్య పెట్టే ఈ మీటర్లో నాకు నచ్చింది ఒక్కటే, వాడిన యూనిట్లన్నీ కూడి చూపించే బటన్. వోల్టులు, ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ కూడా వస్తాయి, వాటి జోలికి నేను పోను. టీవీ ఎంత కాలుస్తుందో ఒక్క వాట్ల అంకె చూస్తే తెలియదు. మా 43 అంగుళాల ఎల్‌ఈడీ వెనక స్టిక్కర్ మీద 110 వాట్లని ఉంది, అది లాగగలిగిన గరిష్ఠం మాత్రమే. మామూలుగా చూస్తుంటే 60 దగ్గర తిరుగుతుంది. బ్యాక్‌లైట్ పూర్తిగా పెంచితే 90, బాగా తగ్గిస్తే 45. ఏ వెలుగులో ఎన్ని గంటలు నడిచిందో అంతా కలిపి చెప్పేది ఆ బటనే.

మేముండేది తిరుపతి కొర్లగుంటలో. రెండు పోర్షన్లకీ కరెంటు మీటర్ ఒకటే, బిల్లు చెరి సగం. ఇంటామె నెలనెలా ఒకటే మాట: "మీ టీవీ పొద్దస్తమానం మోగతానే ఉంటాది కదమ్మా, బిల్లు రాకేం జేస్తాది?" మోకాళ్ల నొప్పితో కొండెక్కలేక స్వామిని భక్తి చానల్లోనే చూసుకునే మాయమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. ఈ మీటర్ కొన్నది అందుకే.

నెలంతా పెట్టి చూస్తే టీవీకి 15 యూనిట్లు కూడా కాలేదు. 60 వాట్లు రోజుకు 8 గంటలంటే అర యూనిట్ లోపే కదా, చేత్తో వేసుకున్నా అంతే వస్తుంది. తర్వాత సెట్‌టాప్ బాక్స్‌కి పెట్టాను. అది చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. నడిచేటప్పుడు 10 వాట్లు, రిమోట్‌తో ఆపేశాక కూడా 9! గోడ స్విచ్ తీయకపోతే నెలకు 7 యూనిట్లు, అంటే టీవీ తినేదాంట్లో దాదాపు సగం. మా ఉమ్మడి వాడకం 125 యూనిట్లు దాటాక, ఇప్పటి స్లాబుల్లో ఆ పై యూనిట్ ఆరు రూపాయలు. ఇంటామెకు చూపిస్తే ఆమె కూడా మీటర్ అడిగి తీసుకెళ్లి వాళ్ల బాక్స్‌కి పెట్టుకుంది. టీవీ మాట మళ్లీ ఎత్తలేదు.

దెబ్బ తగిలింది బ్రహ్మోత్సవాలప్పుడు. పొద్దున వాహనం, రాత్రి వాహనం, ఏదీ మాయమ్మ వదలదు. ఏడాదిలో టీవీ ఎక్కువ నడిచేది ఆ తొమ్మిది రోజులే కాబట్టి ధ్వజారోహణం నాడే సున్నా చేసి పెట్టాను. అయిదో రోజు గరుడ సేవ మొదలవబోతుండగా వాన, వెంటనే కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే 0.00. నాలుగు రోజుల లెక్క మొత్తం పోయింది! లోపల గుర్తుంచుకోవడానికి చిన్న బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోయింది. కొత్తలో ఎన్ని కోతలొచ్చినా చెక్కుచెదరలేదు. విప్పి మార్చుకునే వీలు లేకుండా మూసేశారు, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. ఇప్పుడు రోజూ పడుకునే ముందు అంకె క్యాలెండర్ మీద రాసుకుంటున్నాను.

చాలా తక్కువ కరెంటు లాగేవాటి దగ్గర కూడా దీన్ని నమ్మలేం. టీవీ ఆపి ఎర్ర లైటు వెలుగుతుంటే 0.0 చూపిస్తుంది. అర వాటైనా పోతూ ఉంటుంది, దీనికి అందదంతే. పెద్ద అంకెలు సరైనవో కాదో ఇంటి మీటర్‌తో పోల్చుకోవచ్చు. దాని మీది చిన్న లైటు యూనిట్‌కి 3200 సార్లు మెరుస్తుందని రాసుంది. ఇంటామెని అడిగి రెండు పోర్షన్లలోనూ అన్నీ ఆపి టీవీ ఒక్కటే నడిపితే, దాదాపు 19 సెకన్లకోసారి మెరిసింది. అంటే గంటకు దాదాపు 190 మెరుపులు, 60 వాట్లే. ఓపికుంటే ఈ లెక్కకు ప్లగ్ మీటర్ కొనే పనే లేదు.

ఒకే మీటర్ మీద బిల్లు పంచుకునే మాలాంటివాళ్లకు డబ్బు దండగ కాదంటాను. విడి మీటరుండి, టీవీ రాత్రి రెండు గంటలే చూసేవాళ్లు అరువడిగి ఒక నెల వాడితే చాలు. బాక్స్ గోడ స్విచ్ మాత్రం మేమింకా రోజూ తీయడం లేదు. మళ్లీ వేస్తే చానళ్లు రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ధనుర్మాసం తెల్లవారుజామున అంతసేపు కాచుకోవడం మాయమ్మకు ఇష్టం లేదు.