థర్సోలో దిగాలా, విక్ దాకా వెళ్లాలా?

స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న కేత్‌నెస్‌కి ఎక్కువమంది నార్త్ కోస్ట్ 500 దారి పట్టుకుని వచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని పోతారు. డూన్‌రే అణు కేంద్రాన్ని విప్పేస్తుంటే ఈ ప్రాంతం దేన్ని నమ్ముకుంటోందో చూడాలంటే రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల బస ఇక్కడి థర్సో ఊళ్లో కన్నా విక్ ఊళ్లో పెట్టుకోవడమే మేలు.

ఇన్వర్నెస్ నగరం నుంచి థర్సోకి రైల్లో దాదాపు నాలుగు గంటలు. మామూలు రోజుల్లో నాలుగు బళ్లున్నా ఆదివారం ఒక్కటే, తిరుగు ప్రయాణం ఆ రోజు పెట్టుకోకండి. విక్ బండి జార్జ్‌మాస్ జంక్షన్ నుంచి ముందు థర్సోకి పోయి, అదే పట్టాల మీద వెనక్కొచ్చి, అప్పుడు విక్ దారి పడుతుంది. వెనక్కి నడుస్తోందని కంగారుపడి దిగకండి. డూన్‌రే నుంచి లారీల్లో వచ్చిన అణు ఇంధనాన్ని రైలెక్కించింది ఈ జార్జ్‌మాస్‌లోనే.

విక్ పైకి డొక్కుగానే కనిపిస్తుంది, మొదటి గంట నిరాశే. రేవుకి దిగితే సంగతి తెలుస్తుంది. హెర్రింగ్ చేపల వేట జోరుగా సాగిన రోజుల్లో ఇంజినీరు థామస్ టెల్ఫర్డ్ ప్లాను గీసిన రేవు పేట పల్ట్నీటౌన్‌లోని పాత రాతి కట్టడాలను బాగుచేసి, బియాట్రిస్ సముద్ర గాలిమరల నిర్వహణ కేంద్రంగా వాడుతున్నారు. మొత్తం 84 మరలు, 588 మెగావాట్లు. టెక్నీషియన్లను మోసే పడవలు ఇక్కడి నుంచే బయల్దేరతాయి, చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. 1826 నాటి ఓల్డ్ పల్ట్నీ విస్కీ డిస్టిలరీ అక్కడికి నడిచే దూరమే. విమానాశ్రయం పక్కనున్న న్యూక్లియస్ అనే దస్తావేజుల భవనంలో బ్రిటన్ పౌర అణు రంగపు దస్తావేజులతో పాటు కేత్‌నెస్ పాత రికార్డులూ ఉన్నాయి. 2017లో తెరిచారు. ఏ పత్రాలు కావాలో ముందే రాసి పంపండి, ఊరికే వెళ్తే భవనం చూసి రావడమే అవుతుంది.

థర్సోకి ఒక పూట చాలు. 1950ల్లో డూన్‌రే వచ్చాక ఊరి జనాభా దాదాపు మూడు రెట్లయింది. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులను స్థానికులు 'అటామిక్స్' అనేవారు. వాళ్లకోసం కట్టిన ఇళ్ల వరసల్లో నడిస్తే, ఒక్క యజమాని మీద ఊరంతా ఆధారపడటమంటే ఏమిటో అర్థమవుతుంది. నార్త్ కోస్ట్ విజిటర్ సెంటర్‌లో పాత రియాక్టర్ కంట్రోల్ రూమ్ ఉంది. అది వదలొద్దు.

డూన్‌రే లోపలికి సందర్శకులను రానివ్వరు. 1977లో ఆగిన ఫాస్ట్ రియాక్టర్ తెల్లగోళం ఏ836 రోడ్డు మీంచే కనిపిస్తుంది, పది నిమిషాలు ఆగితే చాలు. దగ్గర్లోని శాండ్‌సైడ్ తీరంలో రేడియోధార్మిక రేణువులు దొరికాయి కాబట్టి ఇసుకను పరీక్షిస్తూ ఉంటారు. దిగే ముందు అక్కడి బోర్డులు చదవండి.

ఆర్క్‌నీ దీవులకి వెళ్లేవాళ్ల లెక్క మాత్రం వేరు. అక్కడి స్ట్రోమ్‌నెస్‌కి పోయే ఫెర్రీ థర్సో పక్కనున్న స్క్రాబ్‌స్టర్ నుంచి బయల్దేరుతుంది, గంటన్నర ప్రయాణం. ముందు రాత్రి థర్సోలోనే ఉండండి. వేసవిలో గదులు త్వరగా నిండిపోతాయి, ఫెర్రీ టికెట్‌తో పాటే గదీ ఖాయం చేసుకోండి.