ఎన్‌సీసీఎన్ పేషెంట్ గైడ్ (బ్రెస్ట్ క్యాన్సర్) - తప్పకుండా చదవండి

అమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్ అని తేలాక ఒక హాస్పిటల్‌లో ముందు సర్జరీ అన్నారు, ఇంకోచోట ముందు కీమో అన్నారు, ఎవర్ని నమ్మాలో అర్థంకాలేదు. అప్పుడే ఈ పీడీఎఫ్ దొరికింది, ఫ్రీనే. ఎన్‌సీసీఎన్ అంటే అమెరికా క్యాన్సర్ సెంటర్ల కూటమి, వాళ్లు కలిసి తయారుచేసే ట్రీట్‌మెంట్ గైడ్‌లైన్స్‌నే పేషెంట్లకి అర్థమయ్యేలా రాశారు, స్టేజ్, ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాల్లో హార్మోన్ రిసెప్టర్లు ఉన్నాయా అని చూసే టెస్టులు), హెర్2 (ఆ పేరుగల ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసే టెస్టు) రిపోర్టులని బట్టి ఏది ముందో ఏది తర్వాతో వరసగా ఉంది. నాకైతే డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నల పేజీలే బాగా పనికొచ్చాయి, ప్రింట్ తీసుకెళ్లి "హెర్2 రిపోర్ట్ రాకుండా ప్లాన్ ఎలా ఫిక్స్ చేశారండీ" అని అడిగితే, సరే వచ్చాకే చూద్దాం అన్నారు. అసలు అన్ని హాస్పిటల్సూ ఇలా ఒకే పద్ధతి పాటిస్తే ఇంట్లోవాళ్లకి ఈ నరకం ఉండదు కదా. ఇంగ్లిష్ మాత్రం కాస్త రావాలి, అందులో చెప్పిన కొన్ని మందులు అన్నిచోట్లా దొరకవు.