శ్రీలంక టీ తోటల నడక పేరిట అమ్ముతున్న ప్యాకేజీలతో జాగ్రత్త

విజయవాడ, గుంటూరు వాళ్ళలో శ్రీలంక పెకో ట్రెయిల్ నడక కోసం అడ్వాన్సు కట్టినవాళ్ళు, కట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళు మిగతా సొమ్ము ఇచ్చేముందు ఒక్కసారి బిల్లు తీసి చూడండి. ఏ మజిలీ నడిపిస్తారు, ఏ ఊళ్ళో మొదలుపెట్టి ఏ ఊళ్ళో ఆపుతారు అన్నది అందులో అక్షరాలా రాసి ఉండాలి. "టీ తోటల్లో ప్రకృతి నడక, పూర్తి రోజు" అని మాత్రమే ఉంటే మీకు అమ్ముతున్నది వ్యాన్ ప్రయాణం. మాకు అమ్మింది అదే.

ఈ కాలిబాట గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. శ్రీలంక మధ్య కొండల్లో క్యాండీ పక్కనున్న హంతాన టీ మ్యూజియం దగ్గర మొదలై, హాటన్, హపుతలే, ఎల్లా వైపులన్నీ చుట్టి నువారా ఎలియాలో ముగుస్తుంది. 300 కిలోమీటర్లకు పైనే. 22 మజిలీలు, ఒక్కోటి ఒక రోజు నడక. అంటే సగటున రోజుకు పద్నాలుగు కిలోమీటర్ల నడక. కొత్తగా తవ్విన బాట కాదు. తెల్లదొరల కాలంలో తోటల నుంచి ఫ్యాక్టరీలకు, అక్కడి నుంచి రైలుకు టీ చేరవేయడానికి వేసిన పాత తోట దారులనే కలిపి, గుర్తులు పాతి, ఒకే బాటగా చేశారు. దారి పొడవునా తోటలు, పైన్ చెట్లు, కూలీల లైన్ ఇళ్ళు, చిన్న కోవెళ్ళు, బడులు. నడిచేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర ప్రయాణం. విజయవాడ నుంచి పినాకిని రైలెక్కి చెన్నై చేరడానికే అంతకు నాలుగింతల సమయం పడుతుంది.

మా గుంపు రోజూ పొద్దున్నే కరకట్ట మీద నడిచే గుంపు. కొండపల్లి ఖిల్లా, మంగళగిరి మెట్లు అలవాటే. అరవై దాటిన మా బాబాయి కూడా అందరికంటే ముందుంటారు. అందుకే బందరు రోడ్డుకు దగ్గర్లో ఆఫీసున్న ఒక టూర్ల సంస్థ దగ్గరకు వెళ్ళినప్పుడు మేము అడిగింది ఒకటే: ఊళ్ళు తక్కువ చూపించినా ఫర్వాలేదు, ఒక మజిలీ మాత్రం మొదటి నుంచి చివరిదాకా నడవాలి. గలహా నుంచి లూల్‌కందుర వరకు ఉన్న రెండో మజిలీ అడిగాం. ఎందుకంటే శ్రీలంక టీ కథ మొదలైంది అక్కడే. జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ మనిషి 1867లో 19 ఎకరాల్లో మొదటి టీ తోట వేసింది లూల్‌కందురలోనే. ఆ తర్వాత రెండేళ్ళకే కాఫీ ఆకులకు తుప్పు తెగులు తగిలి, క్రమంగా ద్వీపమంతా కాఫీ పోయి టీ వచ్చింది. ఆయన ఉన్న కొయ్య ఇల్లు ఇప్పుడు లేదు. దాని పొగగొట్టం, పక్కన బావి మిగిలాయి. వాటిని చూడాలని మా వదిన పట్టు.

"తప్పకుండా మేడం, గలహా నుంచి లూల్‌కందుర, లైసెన్సున్న గైడు, దారిలో భోజనం, సామాను హోటల్‌కు మేమే చేరుస్తాం, బీమా కూడా ఉంది" అని వాట్సాప్‌లో రాసి పంపారు. ఈ ఒక్క రోజు నడక కోసం మామూలు ప్యాకేజీ మీద మనిషికి అదనంగా ₹9,000. బిల్లు వచ్చేసరికి మజిలీ పేరు మాయమైంది. అడిగితే "బిల్లు సాఫ్ట్‌వేర్‌లో అంత పొడుగు పేరు పట్టదు" అన్నారు. పన్నుల గడిలో మాత్రం ఎంత పెద్ద అంకె అయినా పట్టింది.

ఇక ఆ రోజు. పొద్దున ఏడింటికి రావాల్సిన వ్యాను ఎనిమిదిన్నర దాటాక వచ్చింది. ఎక్కింది మేమూ, డ్రైవరూ. గైడు ఏరి అంటే నేనే అన్నాడు. శ్రీలంకలో డ్రైవరే గైడుగా పనిచేసే పద్ధతి ఉంది, దానికి వాళ్ళ పర్యాటక సంస్థ వేరే లైసెన్సు ఇస్తుంది, బిళ్ళ కూడా ఉంటుంది. బిళ్ళ చూపించమంటే నవ్వి స్టీరింగు తిప్పాడు. నేరుగా గలహా వెళ్ళలేదు. ముందు రత్నాల దుకాణం. అక్కడ నీలాలు ఎలా తవ్వుతారో అరగంట వీడియో, తర్వాత మనిషికొక సేల్స్‌మన్ వెంటపడటం. అక్కడి నుంచి టీ ఫ్యాక్టరీ పేరు తగిలించుకున్న ఇంకో దుకాణం. గలహా బజారులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం.

డ్రైవరు రోడ్డు చూపించి, "నేరుగా నడవండి, ముందు కలుస్తాను" అని వ్యానులోనే ఉండిపోయాడు. ఆయనిచ్చిన భోజనం పొట్లంలో జాము పూసిన బన్నూ, అరటిపండూ ఉన్నాయి. అది తారు రోడ్డు. బస్సులు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచే పోతున్నాయి. చాలాదూరం నడిచాక ఎదురుగా ఆకు కోసి తూకానికి వెళ్తున్న ఒకామె వచ్చింది. నుదుటి మీదుగా తాడు, వీపున నిండు సంచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పంతొమ్మిదో శతాబ్దంలో తమిళనాడు నుంచి కూలికి తెచ్చినవాళ్ళ సంతతి ఈ తోటల్లో ఎక్కువ, మాట్లాడేది తమిళమే. చెన్నైలో పెరిగిన మా వదిన "అక్కా, లూల్‌కందురకు ఇదేనా దారి?" అని అడిగితే ఆమె సంచీ దింపకుండానే వెనక్కి చెయ్యి చూపించింది. "నడిచేవాళ్ళు ఆ మలుపులో పైకి ఎక్కుతారమ్మా. మీరు పోతున్నది బస్సు దారి." వెనక్కి వెళ్ళి చూస్తే మలుపు దగ్గర పొదల చాటున బాట గుర్తు ఉండనే ఉంది. డ్రైవరు ఆ మలుపు మీదుగానే వ్యాను నడిపాడు.

ఆ గుర్తు పట్టుకుని పైకి ఎక్కాక గాని ఈ కాలిబాట గొప్పతనమేమిటో అర్థం కాలేదు. టీ మొక్కల వరసల మధ్య ఒక మనిషి పట్టేంత దారి, కింద లోయ, పైన మబ్బు. కొండవాగు మీద పాత రాతి కల్వర్టు, దాని మీద నాచు. ఆ కొద్దిసేపు ఎవరం మాట్లాడలేదు. రెండున్నర కాకముందే ఉరుములు మొదలై, వాన దబదబా కురిసింది. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆ కొండల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పడటం మామూలే. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు అది కొత్త సంగతి కాదు. పొద్దున ఏడింటికి బయలుదేరాలనేది కూడా అందుకే. వానతోపాటు జలగలు. బాబాయి మేజోడు మీద దారప్పోగులా ఎక్కింది ద్రాక్షపండంత అయ్యాక గాని ఆయన చూసుకోలేదు. ఉప్పు తెచ్చుకోమని, మేజోళ్ళలో ప్యాంటు దోపుకోమని మాకెవరూ చెప్పలేదు. ఇంతలో డ్రైవరు ఫోను: "సాయంత్రం నాకు ఇంకో బేరం ఉంది, కిందికి వచ్చేయండి." రోడ్డు మీదికి దిగి, తడిసిన బట్టలతో వ్యాను ఎక్కాం. టేలర్ ఇంటి పొగగొట్టం సంగతి వదిన అడిగితే, "అది కూడా ఇలాంటి తోటేనమ్మా" అన్నాడు.

తిరిగొచ్చాక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. వాళ్ళ సమాధానం ఒకే వాక్యం: వాతావరణం వల్ల కార్యక్రమంలో మార్పులు ఉండవచ్చని షరతుల్లో ఉంది. వాన రెండున్నరకు పడింది. రత్నాల దుకాణంలో గడిచిన పొద్దుటిపూట ఏ వానా లేదు. ఈ మాట అంటే తర్వాతి యాత్రలో పదిశాతం తగ్గింపు ఇస్తామన్నారు. మళ్ళీ వాళ్ళతోనే వెళ్ళాలన్నమాట!

ఇంతకంటే పెద్ద పేచీ పన్నుది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ దగ్గర టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేసి, మన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు జమ చేయాలి. 2020 అక్టోబర్ నుంచి ఉన్న నిబంధన ఇది. ఆ డబ్బు మనదే. రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను పడకపోతే వాపసు తీసుకోవచ్చు. మా బిల్లులో జీఎస్టీ, టీసీఎస్ కలిపి "పన్నులు" అని ఒకే అంకె వేశారు. మా దగ్గర నవంబర్‌లో వసూలు చేసినదాని లెక్క జనవరి 15లోగా శాఖకు ఇవ్వాలి. ఫిబ్రవరిలో 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తెరిచి చూస్తే మా గుంపులో ఒక్కరి పేరునా పైసా లేదు. అడిగితే ఆడిటర్ ఊళ్ళో లేడట. ఆ ఆడిటర్ ఇప్పటికీ ఊళ్ళోకి రాలేదు. బీమా సంగతి కూడా అంతే. పాలసీ నంబరు అడిగితే "గ్రూపు పాలసీ, నంబరు మా దగ్గర ఉంటుంది" అన్నారు. నంబరు మీ చేతికి రాని బీమా కోసం డబ్బు కట్టకండి. కొండ మీద కాలు బెణికితే ఆసుపత్రివాళ్ళు అడిగేది ఆ నంబరే.

కొనేముందు అమ్మేవాళ్ళకు ఈ నడక గురించి నిజంగా తెలుసో లేదో తేల్చుకునే చిన్న పరీక్ష ఒకటి ఉంది. హార్టన్ ప్లెయిన్స్‌లోని వరల్డ్స్ ఎండ్‌కు ఎన్ని గంటలకు తీసుకెళ్తారని అడగండి. 800 మీటర్లకు పైగా లోతున్న ఆ కొండ అంచు పొద్దున్నే కనిపిస్తుంది, తొమ్మిది పది దాటితే మబ్బు కమ్మేస్తుంది. అందుకే అందరూ చీకటితో లేచి నువారా ఎలియా నుంచి బయలుదేరతారు. గేటు దగ్గర పాలిథిన్ సంచులు కూడా తీయించేస్తారు. మాకు అమ్మినవాళ్ళ కార్యక్రమ పత్రంలో వరల్డ్స్ ఎండ్ "భోజనం తర్వాత" అని ఉంది. మీకూ అలాంటి జవాబే వస్తే ఆ మనిషి ఆ కొండ ఎక్కలేదని తెలుసుకోండి. బయలుదేరే గంట, గైడు పేరు, లైసెన్సు నంబరు, దుకాణాల దగ్గర ఆపబోమన్న మాట, నడక జరగకపోతే ఆ రోజు సొమ్ము తిరిగిస్తామన్న మాట, అన్నీ బిల్లు మీదో, వాళ్ళ సంతకమున్న కాగితం మీదో ఉండాలి. ఫోనులో చెప్పినవాటికి విలువ లేదు. వాట్సాప్ సందేశాలు మాత్రం దాచుకోండి, ఫోను మార్చినా పోకుండా చూసుకోండి. మా కేసుకు ఉన్న బలమంతా అవే.

బాట మీద నాకు ఏ కోపమూ లేదు, ఆ గంట నడకకే మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. పెకో ట్రెయిల్ వాళ్ళ సొంత వెబ్‌సైటులో ప్రతి మజిలీ పటమూ ఉంది. క్యాండీ నుంచి గలహాకు మామూలు బస్సులు తిరుగుతాయి. తమిళం నాలుగు ముక్కలు వచ్చినవాళ్ళు గుంపులో ఒకరుంటే దారి అడగడానికి ఇబ్బంది లేదు. స్థానిక గైడు కావాలనుకుంటే క్యాండీ చేరాక లైసెన్సు చూసి మాట్లాడుకోవచ్చు.

ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాం. వాళ్ళు సంస్థకు కబురు పంపితే వచ్చిన జవాబు మళ్ళీ ఆ పదిశాతం తగ్గింపే. అందుకని ఇ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేశాం. ₹5 లక్షల వరకు చెల్లించిన కేసులకు ఫీజు లేదు. కొన్నవాళ్ళు ఉండే ఊళ్ళోనే వేయవచ్చు కాబట్టి గుంటూరు వాళ్ళు విజయవాడ దాకా రానక్కరలేదు. జరిగిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. ఇదే సంస్థ దగ్గర నడక రోజుకు అదనంగా కట్టి మాలాగే రోడ్డు మీద దిగినవాళ్ళు ఉంటే బిల్లు, కార్యక్రమ పత్రం, 26ఏఎస్ కాపీ పక్కన పెట్టుకుని కింద రాయండి. నేను విడిగా పలకరిస్తాను. మా వాయిదా ఇంకా పడలేదు కాబట్టి మీ కాగితాలు మా ఫిర్యాదుకు తోడైతే ఇద్దరికీ పని జరుగుతుంది.