అన్నయ్యకి ముసలితనం ముందే వచ్చింది: ఆరేళ్ల ఉమ్మడి సంరక్షణ ఎలా ఉందంటే

వైకల్యం ఉన్నవాళ్లు పగలంతా గడిపే డే సెంటర్, ఇంటికొచ్చే వృద్ధుల సంరక్షణ సేవ, డాక్టరు, ఫిజియోథెరపిస్టు. వీళ్లంతా కలిసి మా అన్నయ్యను చూసుకునే ఏర్పాటు మొదలై ఆరేళ్లయింది. అన్నయ్యకిప్పుడు 54. డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండి, ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదించే స్థితి. ఇలాంటి ఏర్పాటులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల కోసం రాస్తున్నాను. అమ్మానాన్నల తర్వాత ఈ పని వచ్చేది మన చేతికే కదా.

అన్నయ్య పుట్టినప్పుడు ఇరవై ఏళ్లు బతికితే గొప్పే అన్నారట అమ్మతో. అన్నవాళ్లని తప్పు పట్టలేను. అమెరికా లెక్కల్లో 1983లో కూడా డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లే. ఇప్పుడది 60 దాకా వచ్చింది. మనవాళ్లు బతికారు, వాళ్ల ముసలితనం గురించే ఎవరూ ఆలోచించి పెట్టలేదు. 48 ఏళ్లకే అన్నయ్య నడక నెమ్మదించింది, మధ్యాహ్నానికల్లా అలిసిపోయేవాడు. వృద్ధుల సేవకి ఫోన్ చేస్తే "60 నిండాలమ్మా" అన్నారు. డే సెంటర్‌లో అడిగితే "వయసు సమస్యలు మేం చూడలేం" అన్నారు. వాళ్లకేమో వయసు తెలుసు, అన్నయ్య తెలీదు. వీళ్లకి అన్నయ్య తెలుసు, వయసు తెలీదు. డాక్టరు ఉత్తరం రాసిచ్చాక, ఆ వయసు నిబంధన సడలించడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఏర్పాటు చాలా మామూలుది. అన్నయ్య సంచిలో ఒక నోటుబుక్కు, ఎవరేం గమనించినా అందులోనే రాయాలి. నెలకోసారి ముప్పావుగంట ఫోన్‌లో మీటింగ్. ఏం కావాలన్నా నేను ఫోన్ చేసేది ఒక్క మనిషికే, డే సెంటర్ కోఆర్డినేటర్‌కి. మొదట్లో యాప్ పెడదామన్నారు. పాస్‌వర్డు ఒక్కరికే గుర్తుండటంతో అది రెండు నెలల్లో ఆగిపోయింది, నేనేమీ బాధపడలేదు.

రెండో ఏడాది అన్నయ్య మెట్లు దిగడం మానేశాడు. పై మెట్టు మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడి "వద్దు" అనేవాడు. డే సెంటర్‌లో మొండితనం అనుకున్నారు. నా భయం వేరు. డౌన్ సిండ్రోమ్‌లో అదనంగా ఉండే 21వ క్రోమోజోమ్ మీదే అమిలాయిడ్‌కి (మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రొటీన్‌కి) మూలమైన జన్యువు ఉంటుంది. అందుకే 40 దాటేసరికి దాదాపు అందరి మెదడులోనూ అల్జీమర్స్ తరహా మార్పులు కనిపిస్తాయి. లక్షణాలు ఎప్పుడు బయటపడతాయన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. ఇదంతా చదివి ఉన్నాను కాబట్టి రాత్రిళ్లు ఒకటే టెన్షన్.

నోటుబుక్కులో రెండు వాక్యాలున్నాయి. డే సెంటర్ ఆయా రాసింది: "గుమ్మం దగ్గర నల్ల డోర్‌మ్యాట్ మీద కాలు పెట్టడం లేదు, పక్కనుంచి వెళ్తున్నాడు." పది రోజుల తర్వాత నర్సు రాసింది: "గ్లాసు ఇస్తే అందుకోబోయి గాల్లో పట్టుకున్నాడు." రెండిటికీ మధ్య నాలుగు పేజీలు. ఆ నెల మీటింగ్‌లో ఫిజియోథెరపిస్టు ఆ రెండూ వెంటవెంటనే చదివి, "కళ్లు చూపించి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి ఇవి చిన్న వయసులోనే రావచ్చు. రెండో కన్ను ఆపరేషన్ కూడా అయ్యాక ఒకరోజు తనే మెట్లు దిగి, కింద నిలబడి, పైనున్న నన్ను చూసి "దిగు చెల్లీ" అన్నాడు.

ఇలాంటివాళ్లకి ఏం జరిగినా "వీళ్లంతే" అనేయడం అందరికీ అలవాటు. నాకూ ఉండేది. పళ్ల నొప్పి, మలబద్ధకం, వినికిడి తగ్గడం, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ బయటికి కోపంగానో మౌనంగానో కనిపిస్తాయి. ఒకే మనిషి చూస్తే స్వభావం అనిపించేది, ముగ్గురు రాస్తే జబ్బు అని తెలుస్తుంది.

ఇక లోపాలు. థైరాయిడ్ మాత్ర డోసు డాక్టరు మార్చారు. నర్సు తన చీటీలో దిద్దుకుంది, డే సెంటర్ చీటీ అలాగే ఉండిపోయింది. తొమ్మిది రోజులు పొద్దున ఇంట్లో ఒకటి, అక్కడ ఇంకొకటి. గుండె దడదడలాడుతోందని తను చెప్పలేడు, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఉమ్మడి ఏర్పాటు నడుస్తుండగానే జరిగిందిది. అప్పటి నుంచి మందుల చీటీ ఒక్కటే, నోటుబుక్కు అట్ట లోపల అంటించి, మారినప్పుడల్లా పాతది చింపేస్తున్నాం. ఇంకో తలనొప్పి, మనుషులు మారిపోవడం. వృద్ధుల సేవ నుంచి ఆరేళ్లలో ఏడుగురు నర్సులు వచ్చారు. కొత్తవాళ్లు వచ్చిన నెలంతా నోటుబుక్కులో "అంతా బాగుంది" తప్ప ఇంకేం ఉండదు. పైగా ప్రశ్నలన్నీ నన్నే అడుగుతారు, తను పక్కనే కూర్చుని ఉన్నా. అన్నయ్యని అడిగి, మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి అని చెప్తాను. ఏడో అంకె దగ్గర జవాబు వస్తుంది.

మతిమరుపు సంగతికొస్తే, ఏటా ఎన్‌టీజీ-ఈడీఎస్‌డీ అనే, మేధో వైకల్యం ఉన్నవాళ్లలో మతిమరుపు తొలి గుర్తులు పట్టే ఫారం నింపుతున్నాం. జబ్బు ఉందో లేదో అది చెప్పదు, పోయినేటికీ ఇప్పటికీ తేడా పట్టిస్తుంది. తనని బాగా ఎరిగిన ఇంటివాళ్లో సిబ్బందో నింపొచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి 40 నుంచే ఏటా నింపమంటారు. మేం 49కి మొదలుపెట్టాం, ఆలస్యమే. ఇంట్లో ఒకటి, డే సెంటర్‌లో ఒకటి విడివిడిగా నింపుతాం. ఒకసారి బట్టలు వేసుకోవడం దగ్గర రెండూ కలవలేదు: అక్కడ తనే వేసుకుంటున్నాడు, ఇంట్లో నేను తొడుగుతున్నాను. తొందర నాది. ఆ రోజు సిగ్గేసింది.

ఫారంతో పాటు ఏటా ఒక వీడియో తీస్తాం, తువ్వాళ్లు మడత పెడుతున్నది. తొలి వీడియోలో నాలుగు మడతలు, అంచులు కలిపి చేత్తో సాపు చేయడం. ఈ ఏడాది మూడో మడత దగ్గర ఆగి, తువ్వాలు విప్పి, మళ్లీ మొదలుపెట్టాడు. రెండు వీడియోలూ డాక్టరుకి చూపించాం. ముందు థైరాయిడ్, బి12, నిద్ర, వినికిడి పరీక్షలు చేయిస్తున్నారు. ఈసారి కారణం శుక్లాలంత తేలిగ్గా తేలుతుందని నేననుకోవడం లేదు.

మొత్తంగా ఈ ఏర్పాటుకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ రాత్రుళ్ల కోసం. సాయంత్రం ఏడు తర్వాత ఈ ఏర్పాటులో నేను తప్ప ఎవరూ ఉండరు. ఈ మధ్య అన్నయ్య రాత్రి రెండు గంటలకి లేచి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడుతున్నాడు. చేరేముందు మీరు సంతకం పెట్టే కాగితం మీద, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఎవరో పేరు రాయించుకోండి. మా కాగితంలో ఆ గడి ఆరేళ్లుగా ఖాళీగానే ఉంది.