పెళ్లి వీడియోకి వైట్ బ్యాలెన్స్: ఆటోనా, మాన్యువలా?

లైటు రంగు ఎలా ఉన్నా తెలుపు తెల్లగానే పడేలా చూసే కెమెరా సెట్టింగే వైట్ బ్యాలెన్స్. మండపంలో అయితే నా ఓటు మాన్యువల్‌కే.

ఆటోలో కెమెరా ఫ్రేమ్‌లోని రంగుల్ని బట్టి తెలుపేదో అంచనా వేస్తుంది. ఫ్రేమ్ మారితే అంచనా కూడా మారుతుంది. తలంబ్రాల వేళ పసుపు బియ్యం, బంతిపూల దండలు ఫ్రేమ్ నిండా పరుచుకోగానే, ఆ పసుపంతా లైటు దోషమనుకుని కెమెరా నీలం వైపు లాగేస్తుంది. తెల్లటి మధుపర్కాలు లేత నీలంగా పడతాయి, ముఖాలు పాలిపోతాయి. అదీ షాట్ మధ్యలోనే, మెల్లగా! నా తొలి పెళ్లి వీడియోలో ఇదే జరిగింది. రెండు రాత్రులు కూర్చుని దిద్దినా పెళ్లికూతురి ముఖంలో కళ పూర్తిగా తిరిగి రాలేదు. ఫొటోకైతే రా ఫైల్ (రంగులు ఇంకా ఖాయం కాని ముడి ఫైల్) ఉంటుంది, తర్వాత మార్చుకోవచ్చు. మామూలు వీడియోలో రంగు అప్పుడే ఫైల్లో కలిసిపోతుంది.

మాన్యువల్‌కి అర నిమిషం చాలు. ముఖాల మీద పడే లైటులోనే తెల్ల కాగితం పెట్టించి, ఫ్రేమ్ నిండేలా జూమ్ చేసి సెట్ నొక్కాలి. కొన్ని కాగితాల్లో నీలి మెరుపు కలిపి ఉంటుంది కాబట్టి గ్రే కార్డు (ఇందుకోసమే చేసిన బూడిద రంగు అట్ట) ఇంకా మేలు. అదీ లేకపోతే లైటు రంగుని చెప్పే కెల్విన్ అంకె పెట్టుకోండి: హాలోజన్ లైట్లకు 3200, ఎండకు 5600. రెండు కెమెరాలుంటే రెండింటికీ ఒకే అంకె.

అప్పగింతలప్పుడు మాత్రం ఆటోయే నయం. హాల్లోంచి వీధిలోకి, కారు దాకా పరిగెత్తుతూ తీస్తాం; కాగితం పట్టించే తీరిక ఎక్కడ?